పదకొండు కాళ్లు, తొమ్మిది రంధ్రాలు

ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా పలాస నుంచి ఇరవై ఆరేళ్ల యువతి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. కాశీబుగ్గలోని ఒక ఫొటో స్టూడియోలో మూడేళ్లపాటు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసిన ఆమె, అదే పనిని ఇంటి దగ్గర సొంతంగా చేసుకోవాలని ఉద్యోగం మానుకున్నారు. జీడి బట్టీలో గుమస్తాగా పనిచేసే తండ్రి చీటీ పాడి, అరవై నాలుగు వేల రూపాయలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఊళ్లో కంప్యూటర్ల దుకాణం నడిపే దూరపు మేనమామ తానే అమర్చి ఇస్తానన్నారు గానీ, ఆయన చెప్పిన ధర ఏడు వేలు ఎక్కువ, భాగాలు ఒక తరం పాతవి. అందుకని ఆమె కొన్ని భాగాలు ఆన్‌లైన్‌లోనూ, కొన్ని విశాఖపట్నం వెళ్లీ కొనుక్కుని, ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని తానే బిగించుకున్నారు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, పెద్ద సైజు బి550 మదర్‌బోర్డు, ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, భాగాలన్నిటికీ కరెంటు అందించే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ డబ్బా, ఇవన్నీ బిగించే ఇనుప క్యాబినెట్.

మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఫ్యాన్లు అర చుట్టు తిరిగి ఆగిపోయాయి. మళ్లీ నొక్కితే ఏమీ లేదు. రెండో రోజు అన్నీ ఊడదీసి, ఫోన్‌లో ఒక వీడియో చూస్తూ బటన్ తీగలు మార్చి, మళ్లీ బిగించారు. అప్పటి నుంచి ఆ అర చుట్టు కూడా లేదు. ప్లగ్గు పెట్టగానే బోర్డు అంచున ఒక చిన్న దీపం మాత్రం వెలుగుతోంది. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి చిన్నగా జిల్లుమంటోంది. ఇంటికి వచ్చి చూసిన మేనమామ, "ఏటమ్మా, అప్పుడే సెప్పినాను కదా, బోర్డు కాలిపోనాది" అని, కొత్తది తానే తెప్పిస్తానన్నారు. అక్క భర్త వాట్లు చాలలేదన్నారు. స్నేహితురాలు ప్రాసెసర్ తీసి పిన్నులు వంగాయేమో చూడమంది. ఇద్దరు ఫొటోగ్రాఫర్ల దగ్గర తీసుకున్న బయానా ఖర్చయిపోయింది. మాఘమాసం ముహూర్తాలు మొదలవుతున్నాయి. తండ్రితో మాత్రం "విండోస్ ఎక్కుతోంది, రెండు మూడు రోజులు పడుతుంది" అని చెప్పారు. ఆయన మళ్లీ అడగలేదు, నాలుగు రోజులుగా సరిగా మాట్లాడటమూ లేదు. ఏ భాగం పోయిందో ఎలా తెలుసుకోవాలి, మార్పిడి గడువు ముగిసేలోగా బోర్డును వెనక్కి పంపాలా, మేనమామ దుకాణానికే తీసుకెళ్లాలా, నాన్నగారికి ఏం చెప్పాలి అని అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, ముందుగా గడువు సంగతి. మదర్‌బోర్డు మార్చుకోవడానికి అమ్మకందారు ఇచ్చిన పది రోజుల్లో ఆరు రోజులు అయిపోయాయని రాశారు. ఆ కారణంగా ఈ సమాధానాన్ని ప్రచురణ దాకా ఆపకుండా మీకు ముందుగానే పంపాము. ఇందులో చెప్పిన పనులకు ఒక సాయంత్రం చాలు. కాబట్టి ఈ రాత్రికే బోర్డును పెట్టెలో సర్ది వెనక్కి పంపే పని మాత్రం పెట్టుకోకండి. ఏ భాగం చెడిందో తెలియకుండా పంపితే, బాగున్న బోర్డు వెళ్లి మరొక బాగున్న బోర్డు వస్తుంది, మీ గదిలో పరిస్థితి ఇప్పటిలాగానే ఉంటుంది, ఆ రాకపోకల్లో మాఘమాసం సగం గడిచిపోతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మేనమామ మాట, బావగారి మాట, నాన్నగారి మౌనం, వీటి మీదికే నా దృష్టి పోయింది, ఎందుకంటే మీరు ఎక్కువ రాసింది వాటి గురించే. రెండోసారి చదువుతుండగా, మీరు మూడో పేజీలో ఏదో గుర్తొచ్చినట్టుగా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర ఆగాను. "క్యాబినెట్‌లో ముందే ఎనిమిది ఇత్తడి కాళ్లు బిగించి ఉన్నాయి, బోర్డు గట్టిగా నిలబడుతుందని సంచిలో ఉన్న మరో మూడు కూడా పెట్టాను, స్క్రూలు మాత్రం తొమ్మిదే పట్టాయి" అని రాశారు. మీ ఇంటికి వచ్చి చూసిన వారెవరికైనా ఈ మాట చెప్పారా? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను.

స్టాండాఫ్‌లు అనే ఆ ఇత్తడి కాళ్లు బోర్డుకు ఊతం కోసం పెట్టేవే గానీ, ఎన్ని ఎక్కువైతే అంత గట్టి అనే లెక్క వాటికి వర్తించదు. మీరు కొన్న పెద్ద సైజు బోర్డు 30.5 సెంటీమీటర్ల పొడవు, 24.4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి మూడు వరసల్లో తొమ్మిది రంధ్రాలు. చిన్న సైజు బోర్డు 24.4 సెంటీమీటర్ల చదరం, దాని అడుగు వరస రంధ్రాలు వేరే చోట ఉంటాయి. మీ క్యాబినెట్‌లో ముందే ఉన్న ఎనిమిది కాళ్లు చిన్న బోర్డు కోసం పెట్టినవై ఉండాలి. వాటిలో ఆరు మీ బోర్డుకూ సరిపోయాయి. మీరు చేర్చిన మూడూ అడుగు వరసకు సరిపోయాయి. మిగిలిన రెండు కాళ్లకు పైన రంధ్రం లేదు. అంటే ఆ రెండూ బోర్డు వెనక వైపున, టంకం వేసిన మొనలు బయటికి పొడుచుకుని ఉండే చోట, ఇనుప పలకను బోర్డుకు తాకిస్తూ నిలబడి ఉన్నాయన్నమాట. ఆ మొనల్లో ఒకటి 12 వోల్టులదో, 5 వోల్టులదో అయితే, బటన్ నొక్కిన క్షణంలో కరెంటు అంతా ఆ కాలి గుండా క్యాబినెట్‌లోకి దిగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ దాన్ని గుర్తించి వెంటనే తనను తాను ఆపేసుకుంటుంది. ఫ్యాన్లు అర చుట్టు తిరిగి ఆగడం అంటే చాలావరకు ఇదే.

ఇదే కారణమని నేను తీర్పు చెప్పడం లేదు. పలాసలో ఉన్న పెట్టెను విజయనగరంలో కూర్చుని చూడలేను. అయితే మీరు రాసిన మొదటి రోజు లక్షణాలను ఒకే దారం మీదికి తెచ్చే కారణం ఇదొక్కటే కనిపిస్తోంది, పైగా సరిచేయడానికి రూపాయి ఖర్చు లేదు.

బటన్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒకసారి చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే ఎవరి మాట ఎంతవరకు నమ్మవచ్చో మీరే తేల్చుకోగలరు. ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న భాగం ప్లగ్గు పెట్టినంతసేపూ మేలుకునే ఉండి, ఊదారంగు తీగ ద్వారా బోర్డుకు 5 వోల్టులు పంపుతుంది. మీకు కనిపిస్తున్న చిన్న దీపం దాని వల్ల వెలుగుతున్నదే. మీరు బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ తీగను నల్ల తీగకు (గ్రౌండుకు) కలుపుతుంది. అది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద భాగానికి 'ఇక లే' అని పిలుపు. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలవుతాయి, అవి స్థిరపడ్డాక బూడిదరంగు తీగ మీద 'అంతా సవ్యం' అన్న సంకేతం వెళుతుంది, ఆ తర్వాతే ప్రాసెసర్ పని ప్రారంభిస్తుంది. ఇదంతా సెకనులోపు వ్యవహారం.

ఇప్పుడు ఒక్కొక్కరి మాటా చూడండి. దీపం వెలుగుతోంది కాబట్టి గోడ సాకెట్టు, కరెంటు తీగ, ఎస్‌ఎంపీఎస్ వెనక మీట, ఈ మూడూ పనిచేస్తున్నాయి. వాటి జోలికి వెళ్లనక్కర లేదు. మీ బావగారు చెప్పిన వాట్ల లోటు బటన్ నొక్కగానే కనపడే జబ్బు కాదు. మీ ప్రాసెసర్ 65 వాట్ల తరగతికి చెందినది, దానికీ ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డుకీ 550 వాట్లు బాగానే సరిపోతాయి. నిజంగా చాలకపోతే ఆ సంగతి మీరు ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ పెట్టి యంత్రానికి పూర్తి బరువు ఎత్తినప్పుడు బయటపడుతుంది. బోర్డు కాలిపోయిందన్న మేనమామగారి మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. అయితే మీటరుగానీ, మరొక ఎస్‌ఎంపీఎస్‌గానీ పెట్టకుండా కంటితో చూసి ఆ మాట చెప్పడం, నాడి పట్టకుండా మందు రాయడమే. కాలిన వాసన గానీ, నల్లబడిన మచ్చ గానీ ఉన్నట్టు మీరు రాయలేదు. నేను గంటస్తంభం దగ్గర మరమ్మతు బల్ల ముందు కూర్చున్న రోజుల్లో, పాత ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే ఎర్ర మీట 115 వైపు ఉండగా చూసుకోకుండా మన 230 వోల్టుల సాకెట్టులో పెట్టి, దీపావళి టపాకాయలా పేల్చిన అనుభవం ఉంది. నిజంగా కాలిపోయేవి చాలావరకు ముక్కుకు తెలుస్తాయి. ఎస్‌ఎంపీఎస్ పైన ఉన్న చీటీ మీద అది ఏ వోల్టేజీకి తగినదో రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

మీ లక్షణం మొదటి రోజుకూ రెండో రోజుకూ మారిందన్నది ఇక్కడ ముఖ్యం. మొదటి రోజు అర చుట్టు తిరిగిందంటే బటన్ పనిచేసింది, తీగలు సరైన చోటే ఉన్నాయి, ఎస్‌ఎంపీఎస్ లేవబోయి ఆగింది. రెండో రోజు మీరు మరో బోర్డు తాలూకు వీడియో చూసి ఆ తీగలను మార్చారు. బటన్ తాలూకు రెండు పిన్నుల జత రీసెట్ పిన్నుల మీదికి వెళ్లి ఉంటే, ఆగి ఉన్న యంత్రం మీద ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. అంటే మొదటి జబ్బు అలాగే ఉండగా దాని మీద మీరే రెండోది తెచ్చిపెట్టుకుని, రెండూ కలిపి ఒకటే అనుకుంటున్నారేమో. ఇంకొక అవకాశం కూడా ఉంది. షార్ట్ వల్ల ఒకసారి ఆగిన ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని, వెనక మీట ఆపి ఒకటి రెండు నిమిషాలు ఉంచితే తప్ప మళ్లీ లేవవు. మొదటి రోజు రెండోసారి నొక్కినప్పుడు ఏమీ కాకపోవడానికి అదీ కారణం కావచ్చు.

అందుకని ఒకేసారి నాలుగు మార్చకండి. ఒక్కటి మార్చి, ఏమయ్యిందో కాగితం మీద రాసుకుని, అప్పుడు రెండోదానికి వెళ్లండి.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, ఇంట్లోనే మరొకసారి, ఈసారి క్యాబినెట్ బయట, పరీక్షించడం. ప్లగ్గు తీసేసి, బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వండి. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, ఫొటోల సంగతి మీకు నేను చెప్పాలా. తర్వాత గ్రాఫిక్స్ కార్డు తీసి, బోర్డును మెల్లగా బయటికి తెచ్చి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. అది వచ్చిన వెండిరంగు సంచి మీద మాత్రం పెట్టవద్దు, ఆ సంచి పైపొర కరెంటును పోనిస్తుంది. ప్రాసెసర్‌ను, దాని మీది కూలర్‌ను కదపకండి. ర్యామ్ ఒక్కటే ఉంచండి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో గాడిలో. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండే తీగలు పెట్టండి. 24 పిన్నుల పెద్దది ఒకటి, బోర్డు పై మూలన ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నులది ఒకటి. ఈ రెండోది రెండు నాలుగు పిన్నుల ముక్కలుగా వస్తుంది, గ్రాఫిక్స్ కార్డు కోసం ఇచ్చే ఆరు, రెండు ముక్కలది వేరు. చూపుకు అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒకదాని స్థానంలో ఒకటి పట్టదు, బలవంతంగా నొక్కకండి. రెండు తీగలూ టిక్కుమనేదాకా దిగాలి. 24 పిన్నులది కొత్త బోర్డుల్లో మనం భయపడేంత బలం అడుగుతుంది, సగం దిగి ఆగిపోయినవి ఎన్నో చూశాను.

ఇక క్యాబినెట్ ముందువైపు బటన్ తీగలేవీ పెట్టకుండా, ప్లగ్గు పెట్టి వెనక మీట వేసి, బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకంలో పవర్ స్విచ్ అని చూపిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించండి. ఆ రెండింటిలో ఏది ప్లస్, ఏది మైనస్ అన్న బెంగ అక్కర లేదు. ప్రవహించేది చాలా చిన్న కరెంటు, చేతికి ప్రమాదం లేదు. పక్క పిన్నులను తాకకుండా చూసుకుంటే చాలు.

ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే మీ బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండూ బతికే ఉన్నట్టు. జబ్బు క్యాబినెట్‌ది, అంటే ఆ రెండు కాళ్లదో, బటన్ తీగలదో. కాళ్లు రెండూ విప్పేసి, బోర్డు తొమ్మిది రంధ్రాల కింద తొమ్మిది కాళ్లే ఉన్నాయని వేలితో లెక్కపెట్టుకుని బిగించండి. మళ్లీ అర చుట్టు తిరిగి ఆగిపోతే, వెనక మీట ఆపి రెండు నిమిషాలు ఆగి, ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్నుల తీగ తీసేసి, మీట వేసి మరొకసారి తాకించండి. అప్పుడు ఫ్యాన్ ఆగకుండా తిరిగితే షార్ట్ ప్రాసెసర్ వైపు సరఫరాలో ఉంది, అది బోర్డుదయ్యే అవకాశమే ఎక్కువ. అప్పుడూ ఆగిపోతే బోర్డులో ఇంకోచోటో, ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉంది. అసలు ఏమీ కదలకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా పరీక్షించాలి.

ఆ పరీక్ష చాలామందికి తెలిసినదే. అన్ని తీగలూ బోర్డు నుంచి తీసేసి, ప్లగ్గు తీసి ఉండగానే, 24 పిన్నుల కొసలో ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ పక్కనున్న నల్ల తీగ రంధ్రాన్నీ ఒక గుండుసూది లాంటి తీగముక్కతో కలిపి, చెయ్యి తీసేసి, తర్వాత ప్లగ్గు పెట్టి వెనక మీట వేయాలి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. అయితే బరువు, అంటే కరెంటు వాడుకునే భాగం, లేనప్పుడు ఫ్యాన్ తిప్పని రకాలు కూడా ఉన్నాయి కాబట్టి, దాని నాలుగు పిన్నుల మోలెక్స్ తీగకు క్యాబినెట్ ఫ్యాన్ ఒకటి తగిలించి చూడడం మంచిది. మీ తీగలన్నీ నలుపే అయితే రంధ్రాలను అంచనాతో కలపకండి, ఆ పరీక్ష దుకాణంలో చేయించండి. ఇందులో ఒక తిరకాసు కూడా చెప్పాలి. ఈ పరీక్షలో తప్పిన ఎస్‌ఎంపీఎస్ చాలావరకు చెడిపోయిందే, కానీ నెగ్గినంత మాత్రాన మంచిదని చెప్పలేము, ఎందుకంటే బరువు లేకుండా తిరిగి, బరువు పడగానే కూలబడేవి ఉంటాయి. మల్టీమీటర్ ఉన్నవారు దొరికితే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎర్ర తీగ మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉన్నదా చూడమనండి. ఏం చేసినా ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు మించి నిలిచి ఉండవచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, చేతులు కాల్చుకున్న వారిని చూసి చెబుతున్నది.

స్నేహితురాలు చెప్పినట్టు ప్రాసెసర్ తీసి చూడడం ఈ దశలో నేను ఒప్పుకోను. మీ తరగతి ప్రాసెసర్‌కు పిన్నులు దాని అడుగునే, 1331 ఉంటాయి. వేడిని లాగే పేస్టు అంటుకుని ఉన్న కూలర్‌ను పైకి లాగితే, ప్రాసెసర్‌ను పట్టి ఉంచే లివరు మూసి ఉన్నా కూడా ప్రాసెసర్ దానితోపాటు ఊడి వచ్చి పిన్నులు వంగవచ్చు. లేని జబ్బును వెతకబోయి తెచ్చుకోవడం అవుతుంది, పైగా పిన్ను వంగిన భాగానికి వారంటీ ఇవ్వరు. తప్పనిసరై తీయవలసి వస్తే కూలర్‌ను ముందు అటూ ఇటూ మెల్లగా తిప్పి, జిగురు వదిలాకే ఎత్తాలి.

రెండో దారి, దుకాణానికి తీసుకెళ్లడం. మేనమామగారి దుకాణానికా, శ్రీకాకుళానికా, రైలెక్కి బరంపురానికో విశాఖకో వెళ్లడమా అన్నది మీ ఇష్టం, కానీ ఏ దుకాణమైనా ఒక్కటే అడగండి: "పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్ ఒకటి పది నిమిషాలు తగిలించి చూడండి, పరీక్షకు ఎంత తీసుకుంటారో ముందే చెప్పండి." బాగు చేయమని అడిగితే ఏదో ఒక భాగం మార్చాలనే జవాబు వస్తుంది. పరీక్షించమని అడిగితే పరీక్షించిన జవాబు వస్తుంది. వెళ్లేముందు ప్రతి భాగం మీది సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి, పరీక్ష జరుగుతున్నంతసేపూ పక్కనే కూర్చోండి. దుకాణంలో వదిలి వస్తే రెండు రోజులో వారమో పడుతుంది, అందులో మీ మార్పిడి గడువు పోతుంది. అదే ఈ దారికి ఉన్న నష్టం.

మేనమామగారి దగ్గరికి వెళ్లడం ఓటమిలా అనిపిస్తోందని రాశారు. ఆయన దగ్గర భాగాలు కొననంత మాత్రాన ఆయన బల్ల మీద పరీక్ష చేయించుకోకూడదని ఎక్కడా లేదు. ఊళ్లో దుకాణం నడిపే మనిషికి, చుట్టాలమ్మాయి ఎక్కడో కొని తెచ్చుకుందంటే కొంత నొచ్చుకోవడం సహజం. ఆయన "అప్పుడే సెప్పినాను" అన్న మాటలో సగం సాంకేతికం, సగం ఆ నొప్పి. పరీక్షకు డబ్బు తీసుకోమని మీరే ముందుగా అంటే ఆయన మర్యాద నిలబడుతుంది, మీరూ ఆయనకు రుణపడినట్టు ఉండదు. వెళ్లడం ఇష్టం లేకపోతే వెళ్లకండి, కానీ ఆయన చెప్పిన కొత్త బోర్డుకు మాత్రం పరీక్ష జరగకుండా డబ్బు ఇవ్వకండి.

మూడో దారి, వెనక్కి పంపడం. బయట పరీక్షలో బోర్డు మీద అనుమానం గట్టిపడితే ఆలస్యం చేయకుండా గడువులోపే ఆ అభ్యర్థన పెట్టండి, పెట్టేటప్పుడు "పనిచేయడం లేదు" అని ఊరుకోకుండా ఏ పరీక్షలో ఏమయ్యిందో రెండు వాక్యాలు రాయండి, స్క్రూడ్రైవర్‌తో తాకించినప్పటి చిన్న వీడియో జతచేయండి. గడువు దాటిపోయినా అంతా పోయినట్టు కాదు, మదర్‌బోర్డులకు సాధారణంగా మూడేళ్ల తయారీదారు వారంటీ ఉంటుంది, బిల్లు ఉంటే సర్వీసు కేంద్రం ద్వారా నడుస్తుంది, కాకపోతే వారాలు పడుతుంది. విశాఖలో కొన్న ఎస్‌ఎంపీఎస్‌దే తప్పయితే బిల్లుతో నేరుగా వెళ్లడమే దగ్గరి దారి. అమ్మినవారు అన్యాయంగా నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కి చెప్పవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవారు ఏ ఊళ్లో ఉన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము కూడా లేదు. అయితే మీ మాఘమాసపు పెళ్లిళ్లకు అందే మందు అది కాదు.

క్యాబినెట్ జిల్లుమనడం గురించి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, నాకు వీటన్నిటికంటే అదే ఎక్కువ పట్టింపుగా ఉంది. ఎస్‌ఎంపీఎస్ ప్రవేశంలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్తు తీగలోకి వదులుతాయి. ఎర్తు ఉన్న ఇంట్లో అది నేలలోకి పోతుంది. లేని ఇంట్లో ఇనుప డబ్బా మీదనే నిలిచి, మన వోల్టేజీలో దాదాపు సగం, అంటే సుమారు 115 వోల్టులుగా టెస్టర్‌లో వెలుగుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి ఇప్పటికి జిల్లుమంటోంది, అంతే. యంత్రం చెడిందనడానికి అది గుర్తు కాదు, దాని వల్లే యంత్రం లేవడం లేదని కూడా కాదు. కానీ లోపల ఎప్పుడైనా ఫేజు తీగ డబ్బాకు తగిలితే కాపాడవలసినది ఆ ఎర్తే. మీరు చెప్పులు లేకుండా సిమెంటు గచ్చు మీద కూర్చుని రోజుకు పది గంటలు పనిచేయబోతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ప్రాంతాన్ని తుడిచిపెట్టాక వీధిలోకి కరెంటు ఎప్పుడొస్తుందా అనే అందరూ ఎదురుచూశారు, ఇంటి వెనక ఎర్తు గుంత ఏమైందో చూసుకున్నవారు ఎందరో చెప్పలేను. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మూడు పిన్నుల సాకెట్టు పై రంధ్రానికి నిజంగా ఎర్తు ఉన్నదా లేక ఖాళీగా వదిలేశారా చూపించండి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టి ఉంటే ముందు దాన్ని మార్చండి. ఈ పని అయ్యాక కూడా, ప్లగ్గు తీయకుండా లోపల చెయ్యి పెట్టవద్దు.

నాన్నగారి విషయంలో రెండు మార్గాలు ఉన్నాయి. బాగైన తర్వాత చెప్పడం ఒకటి. రేపే బాగైతే మీ అబద్ధం ఎవరికీ తెలియకుండా కరిగిపోతుంది, కానీ బోర్డు వెనక్కి వెళ్లవలసి వస్తే ఆ రెండు మూడు రోజులు మూడు వారాలు అవుతాయి, అప్పుడు ఆయనకు మేనమామగారి నోటి ద్వారా తెలుస్తుంది. తెలియకపోవడానికి, మేనమామగారు ఇంటికొచ్చి చూసి వెళ్లారు కదా. నాకు తోచిన మాట చెబుతాను, ఆయనకు ఇప్పటికే తెలుసు. మీరు ఆయన మౌనాన్ని కోపంగా చదువుకుంటున్నారు. చీటీ పాడి కూతురి చేతిలో డబ్బు పెట్టిన మనిషి, కూతురు తనతో ఎందుకు దాచిందో అర్థం కాక ఊరుకుని ఉండవచ్చు.

రెండో మార్గం ఈ రాత్రే చెప్పడం. చెబితే ఆయన కోప్పడవచ్చు, చీటీ వాయిదాల మాట ఎత్తవచ్చు, అది వినవలసి ఉంటుంది. కానీ మీ చేతిలో చెప్పడానికి ఖాళీ క్షమాపణ కాకుండా ఒక లెక్క ఉంది: డబ్బు ఎక్కడికీ పోలేదు, ప్రతి భాగానికీ బిల్లు, వారంటీ ఉన్నాయి, పోతే పోయేది ఒక్క భాగం, దాన్ని మార్చి ఇస్తారు, గడువు ఫలానా తారీఖు. నేనైతే దీనివైపే మొగ్గుతాను. పైగా బోర్డు అట్టపెట్టె మీద పెట్టినప్పుడు టార్చిలైటు పట్టుకునే మనిషి ఒకరు కావాలి.

ఫొటోగ్రాఫర్లకు మాత్రం నిజం చెప్పడంలో రెండో ఆలోచన వద్దు. సీజన్‌లో ఆలస్యాన్ని వారు సహిస్తారు, ముందు చెప్పని ఆలస్యాన్ని సహించరు. మీరు మానేసిన స్టూడియోలో మర్యాదగానే వీడ్కోలు తీసుకున్నారని రాశారు కాబట్టి, రాత్రి వేళ వారి సిస్టమ్ మీద గంటకు ఇంత అని కట్టి రెండు ఆల్బమ్‌లు ముగించగలరేమో అడగండి. లాభం తగ్గుతుంది, మాట నిలుస్తుంది. అది కుదరకపోతే ఒకరి బయానా తిరిగి ఇవ్వడానికి సిద్ధపడండి. ఇద్దరినీ ఆశపెట్టి ఉంచడం కంటే అదే చవక.

యంత్రం లేచాక ఒక్క సంగతి గుర్తుంచుకోండి, లేకపోతే అదే రాత్రి మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం లేదు. అట్టపెట్టె మీది పరీక్షలో కార్డు తీసి ఉంటుంది కాబట్టి తెర మీద ఏమీ రాదు, బోర్డు మీద వీజీఏ (అంటే గ్రాఫిక్స్ కార్డు) అని రాసి ఉన్న చోట దీపం వెలిగితే అది మంచి కబురే, ప్రాసెసర్, ర్యామ్ దాటి అంతదాకా వచ్చిందన్నమాట. అన్నీ బిగించాక మానిటర్ తీగను బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో కాక, దాని కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డు రంధ్రంలో పెట్టండి. విప్పిన ఆ రెండు ఇత్తడి కాళ్లను పారేయకుండా సంచిలో వేసి బిల్లులతోపాటు దాచండి.